అతిథికి పని చెప్పరాదు

నమోదు 61
పని: సభతెప్ప అడుగున ఆలిచిప్పలు గీకడం

గీకుడు పనివాళ్ళ గురించి సభలో మాట్లాడాలంటే ముందు గీకి రావాలి. గీకాను. మొహానికి ఊపిరితొడుగు తగిలించుకుని, నడుముకు తాడు కట్టుకుని, పొద్దున్నంతా నీళ్ళలో తలకిందులుగా వేలాడాను. పైన మేం కూర్చుని తిట్టుకునే చోటికి కింద ఇన్ని చిప్పలు పట్టి ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదు.

మా తెప్పలన్నీ బతికున్న కొబ్బరిపీచుతో అల్లినవి. నీళ్ళలో వాటంతట అవే పెరుగుతాయి, చిరిగితే అవే అతుక్కుంటాయి. మునిగిపోయిన కోనసీమ నుంచి మా ముత్తాతలు వెంట తెచ్చుకున్న ఆస్తులు రెండే: ఈ పీచు, వెటకారం. రెండూ ఇప్పటికీ ఏపుగా పెరుగుతున్నాయి.

ముత్తాతలే పెట్టిన ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఈ తెప్పలన్నీ కలిపి కట్టిన మా తెప్పలలంకలో మాట ఊరికే రాదు. ఏ విషయం మీద మాట్లాడాలన్నా, ఆ మనుషుల మధ్య ఒక పూట పని చేసి రావాలి. పూట పనికి ఒక గడియ మాట. అడుగున సన్నచిల్లు ఉన్న రాగిగిన్నెను సభలో నీళ్ళ తొట్టిలో వదులుతారు. అది మునిగేదాకా సభ ఆ మనిషిదే, ఇంకెవరూ నోరు తెరవకూడదు. సముద్రం అలజడిగా ఉన్న రోజున గిన్నె అటూ ఇటూ ఊగి తొందరగా మునుగుతుంది. నన్ను పిలిచేది సరిగ్గా అలాంటి రోజుల్లోనే.

పక్షాలవాళ్ళకు ఈ బాధ లేదు. లంకను ఒకేచోట కట్టిపడెయ్యాలనే లంగరు పక్షం, గాలిని బట్టి కదలాలనే తెరచాప పక్షం, రెండింటికీ మంది ఉన్నారు. ఒకళ్ళు పని చేస్తే ఇంకొకళ్ళు మాట్లాడతారు. నేను ఏ పక్షమూ కాదు. ఈ వాసంశెట్టి మందాకినికి గడియలు అరువిచ్చే నాథుడు లేడు. ఆఖరికి నా మొగుడు చక్రధరం కూడా ప్రతిసారీ లంగరు గుర్తుకే ఓటేసి, ఇంటికొచ్చి నాకు శుభాకాంక్షలు చెబుతాడు.

మధ్యాహ్నం సభలో గీకుడు పనివాళ్ళకు చేతితొడుగులు అడిగాను. కడుపుతో ఉన్నవాళ్ళను నీళ్ళలోకి దింపొద్దన్నాను. మూడో మాట ఎత్తేసరికి గిన్నె బుడుంగుమంది. లంగరు పక్షం నాయకుడు ముదునూరి నరసరాజు గారు మీసం దువ్వుకున్నారు.

"మందాకిని గారు మాటాడితే గిన్నె కూడా వినలేక మునిగిపోద్దండి, ఆయ్" అన్నారు.

"మీరు మాటాడితే మునగదెందుకో తెలుసా రాజు గారూ? నిద్రపోద్ది" అన్నాను.

సభాపతి గారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. తొడుగులు మంజూరయ్యాయి. సాయంత్రం గీకుడు పనివాళ్ళు నన్ను భుజాల మీద ఎత్తుకుని, సంతోషం పట్టలేక మళ్ళీ నీళ్ళలో పడేశారు.

నమోదు 62
పని: ఉప్పుతీత యంత్రం జల్లెళ్ళు కడగడం

ముసలివాళ్ళ మంచినీళ్ళ వంతు పెంచమని అడుగుదామని జల్లెళ్ళు కడిగాను. అడగడం పడలేదు. ఇవాళ సభలో ఎన్నడూ జరగనిది జరిగింది. లంగరు పక్షం ఒక తీర్మానం పెట్టింది, తెరచాప పక్షం దాన్ని బలపరిచింది. ఈ రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి వచ్చాయంటే ఎవరి కొంపో మునుగుతోందని అర్థం.

మునగబోయేది వెనకతెప్ప. కొండవార అనే ఊరు సముద్రంలో కలిసిపోతే, అక్కడివాళ్ళు పిల్లాపాపలతో చెక్కలు, డబ్బాలు కట్టుకుని కిందటేడు మా దగ్గరికి కొట్టుకొచ్చారు. మా పీచుతాడు ఒకటి విసిరి వాళ్ళ తెప్పను మా వెనక కట్టాం. అప్పటి నుంచీ వాళ్ళు మా అతిథులు. పీచుతాడు బతికున్నది కదా, ఇప్పుడు రెండు వైపులా వేళ్ళు దింపుతోంది. ఈ వానలు పడితే వెనకతెప్ప లంకకు అంటుకుపోతుంది, ఇక విడదియ్యలేం. అందుకని వానలకు ముందే తాడు కోసెయ్యాలట. బరువుకు లంగరు ఆగదని వీళ్ళు, చాప లాగదని వాళ్ళు. కోశాక ఆ మనుషులు ఏమవుతారని ఎవరూ అనలేదు. మంచినీళ్ళ యంత్రం లేని తెప్ప, తుఫాన్ల కాలం. పౌర్ణమి సభలో ఓటింగు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచాను. సభాపతి కొల్లు సత్యభాస్కరం గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఆయనకు రెండే ఇష్టాలు, నిబంధనలు, భోజనం.

"మాట్లాడండి అమ్మా. వెనకతెప్పలో ఏ పూట పని చేశారు?"

"అక్కడ పనెక్కడిదండీ? వాళ్ళని మనం పని చెయ్యనివ్వం కదా!"

"అయితే గడియెక్కడిదమ్మా?" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. సభ గోడ మీద అన్నిటికంటే పైన చెక్కి ఉన్న మాట అదే: అతిథికి పని చెప్పరాదు. ఊరు మునిగిన కొత్తలో మా ముత్తాతలు వాళ్ళ అరుగు మీదా వీళ్ళ అరుగు మీదా పడుకుని, ఇంత గంజి కోసం గొడ్డుచాకిరీ చేశారట. మన గడప తొక్కినవాళ్ళకు ఆ గతి పట్టకూడదని పెట్టుకున్న మొదటి నియమం. బంగారం లాంటి నియమం. దాని వల్లే వెనకతెప్పలో పని లేదు. పని లేదు కాబట్టి అక్కడ ఎవరూ పూట పని చెయ్యలేరు. కాబట్టి ఆ మనుషుల గురించి ఈ సభలో ఎవరూ, ఎప్పటికీ, ఒక్క ముక్క కూడా మాట్లాడలేరు.

తాడు కొయ్యడానికి మాత్రం మాట అక్కర్లేదు, ఓటు చాలు.

నమోదు 63
పని: వెనకతెప్పకు భోజనాలు మోయడం (లెక్కలోకి రాలేదు)

ముందు వంటతెప్ప నుంచి అన్నం గంపలు నెత్తిన పెట్టుకుని మోశాను. అది వంటతెప్ప విషయం కిందికి వస్తుందని సభాపతి గారు కబురు పంపారు. తాడుకు పట్టిన నాచు తీశాను. అది తాళ్ళ శాఖ కిందికి వస్తుందన్నారు. వెనకతెప్పలో చీపురు పట్టుకున్నాను. మర్యాదల అధికారి కామేశం పరిగెత్తుకొచ్చి చీపురు లాక్కున్నాడు.

"అతిథుల ముందు చీపురాడించకూడదండి. లేచెళ్ళమన్నట్టుంటుంది" అన్నాడు.

కామేశం చాలా మంచివాడు, అదే అతనితో చిక్కు. మూడు పూటలా వేడివేడిగా వడ్డించి, మజ్జిగ అడక్కుండానే పోసి, తిన్న ఆకులు తనే ఎత్తిస్తాడు. చేతికి నీళ్ళు తనే పోస్తాడు. ఎవరైనా చెంబు ముట్టుకుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు.

వెనకతెప్పకు పెద్ద గేదెల తవిటమ్మ. కొండవారలో వారంవారం సంత నడిపిన మనిషి, బలమైన గొంతు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెప్పంతా చూపించింది. నలభై కుటుంబాలు గోడలకు ఆనుకుని ఊరికే కూర్చుని ఉన్నాయి. పోలయ్య అనే వడ్రంగి ఒక చెక్కముక్కను చాటుగా చెక్కుతున్నాడు. కామేశం అడుగుల చప్పుడు వినగానే దాన్ని సముద్రంలోకి జారవిడిచి చేతులు కట్టుకున్నాడు. ఎంత చక్కటి పిడి అది! నేను చూస్తుండగానే తేలుతూ పోయింది.

"రోజుకొకటి సెక్కుతాడు, రోజుకొకటి ఇసిరేత్తాడు" అంది తవిటమ్మ. "ఏటి సెయ్యమంటావు? ఏడాది బట్టి కూకుండబెట్టి మేపుతన్నారు. రాత్తిరి నిద్దర పట్టదు, పగలు ఊసు లేదు. మొన్న ఇద్దరు ఆడోళ్ళు కొట్టుకున్నారు, ఎందుకో తెలుసా? ఒక సిరిగిన రయిక ఎవులు కుట్టాలని. మీ మరేద సంపేత్తంది తల్లీ మమ్మల్ని."

"తాడు కోస్తారట, తెలుసాండి?"

"తెలుసు. కోసేటప్పుడు కూడా మరేదగానే కోత్తార్లే" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ ఈ మనిషిని సముద్రం మీదికి వదిలేస్తే నేను మళ్ళీ ఆ సభలో కూర్చోలేను. ఆ మాట ఆమెతో అనేశాను కూడా.

నమోదు 64
పని: లేదు. తిరగడమే సరిపోయింది

నరసరాజు గారు కబురు చేస్తే వెళ్ళాను. బొబ్బట్లు పెట్టించారు. పెట్టించారంటే ఏదో ఉందన్నమాట.

"చూడండి మందాకిని గారూ, మా దగ్గర గడియలు బోలెడున్నాయండి. ఓ అరడజను మీకిచ్చేత్తాం, వేరే విషయాలవని ఎవరూ అడ్డు చెప్పకుండా మేం చూసుకుంటాం. వెనకతెప్ప గురించి కడుపునిండా మాటాడుకోండి. మీరు మాత్రం శాశ్వత లంగరు బిల్లుకి చెయ్యెత్తండి చాలు."

"నేను మాట్లాడాక తాడు కొయ్యడం మానేస్తారా?"

"అబ్బే, అదెలాగండీ? మీరు మాటాడేరన్న తృప్తి మీకుంటాది కదా."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఊగాను. నాకు మాట్లాడటమంటే పిచ్చి. అరడజను గడియలంటే, ఇడ్లీకి ఆశపడేవాడికి పెళ్ళిభోజనం చూపించినట్టు. కానీ శాశ్వత లంగరు పడితే చేపలు ఎటు పోతే అటు వెళ్ళే జాలరితెప్పల బతుకు తెల్లారినట్టే. ఒకళ్ళ మెడ తప్పించడానికి ఇంకొకళ్ళ మెడ ఇస్తానా? బొబ్బట్టు మాత్రం తిని, వద్దని వచ్చేశాను.

వచ్చాక కోపమంతా ఇంట్లో తీర్చుకున్నాను. ప్రసంగం మాత్రం తయారైపోయింది. గడియ లేకపోయినా ప్రసంగం ఆగుతుందా? నా జీవితంలోకెల్లా గొప్ప ప్రసంగం అది. పీచుగోడ అవతల పిల్లల పలకలు దిద్దుకుంటున్న చక్రధరానికి దాన్ని మూడుసార్లు వినిపించాను. ఆయన బడితెప్పలో పంతులు, ఎంత సోదైనా ఓపిగ్గా వింటాడు.

"బానే ఉందే. ఏడిపించేసేవు" అన్నాడు. "ఇంతకీ పొద్దున్ననగా వెళ్ళేవు, ఏవన్నా తిన్నావా?"

"రాజు గారి బొబ్బట్టు."

"అది సరే. నాలుగు రోజుల్నించీ ఆ వెనకతెప్పకెళ్తున్నావు కదా. ఇంటికొచ్చిన మనిషికి వాళ్ళు గుక్కెడు మంచినీళ్ళన్నా ఇవ్వలేదేంటే?"

"వాళ్ళు అతిథులండీ బాబూ! అతిథులు మనకెలా ఇస్తారు?"

"మనింటికొస్తే వాళ్ళు అతిథులు. నువ్వు వాళ్ళింటికెళ్తే?"

అని ఆయన మళ్ళీ పలకల్లో తల దూర్చేశాడు. నేను వెళ్ళి ఆ బట్టతల మీద గట్టిగా ముద్దు పెట్టాను. లంగరు గుర్తు మీద ఓటేసే మనిషికి ఇంతకంటే ఏం చెయ్యగలను?

నమోదు 65
పని: అతిథిగా వెళ్ళడం

పొద్దున్నే వెనకతెప్ప మెట్టు మీద కాలు పెడుతూనే గట్టిగా అన్నాను.

"తవిటమ్మ గారూ, ఆకలేస్తోందండి. ఇంత అన్నం పెడతారా?"

గోడకానుకున్నవాళ్ళు నిటారుగా కూర్చున్నారు.

"ఏటన్నావు? మమ్మల్నా అడుగుతన్నావు?"

"మీ ఇంటికొచ్చాను. మిమ్మల్ని కాక ఎవర్నడుగుతాను?"

తవిటమ్మ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. మరుక్షణం వెనక్కి తిరిగి కేకేసింది. "ఒలే, పొయ్యెలిగించండే! ఇంటికి సుట్టం ఒచ్చినాది!"

అబ్బ, ఆ గోల! ఏడాదిగా కాళ్ళు చాపుకుని కూర్చున్న మనుషులు ఒక్కసారి లేచారు. ఒకరు పొయ్యి దగ్గరికి, ఒకరు కుండల దగ్గరికి. పోలయ్య పిడికోసం దాచుకున్న కొయ్యను క్షణంలో తెడ్డు చేసేశాడు, ఈసారి నీళ్ళలో పారెయ్యలేదు. కామేశం అన్నం గంప అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఆగండమ్మా, ఆగండి! అతిథికి పని చెప్పరాదండి!"

"కామేశం గారూ, ఇక్కడ అతిథిని నేను. వాళ్ళు ఇంటివాళ్ళు. ఇంటివాళ్ళు వండుకోవచ్చా, కూడదా?"

అతను కళ్ళు మూసుకుని నియమాలన్నీ మనసులోనే చదువుకున్నాడు. "వండుకోవచ్చండి" అన్నాడు చివరికి.

"ఇంతకీ మీరెక్కణ్ణుంచొచ్చారు?"

"వంటతెప్ప నుంచండి."

"అయితే మీరూ అతిథే. కూర్చోండి."

కూర్చున్నాడు. పాపం, అతనికి ఎవరైనా వడ్డించి ఎన్నాళ్ళయిందో! తవిటమ్మ ఒక మూట విప్పింది. చోళ్ళు. కొండవార పొలాల్లో పండిన రాగులు, ఎక్కడైనా కాస్త మట్టి దొరికితే చల్లుకుందామని తెచ్చుకున్న విత్తనాలు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"విత్తనాలండి అవి. వద్దు. నాకు మంచినీళ్ళు చాలు."

"నాటనిచ్చేవోళ్ళు లేనప్పుడు ఇత్తనాలు దాసుకుని ఏటి సేత్తాం? సెయ్యి తియ్యి" అంది.

తిరగలి తిరిగింది. చోడిముద్ద, నెత్తళ్ళ ఎండుచేపల పులుసు. నాకు జ్ఞానం తెలిశాక అంత కారం తినలేదు, అంత ఇష్టంగానూ తినలేదు. చుట్టూ నిలబడి నేను తినడమే చూస్తున్నారు. నేను మారు అడిగితే ఒకావిడ చప్పట్లు కొట్టింది.

ఇంతవరకూ అంతా నేననుకున్నట్టే నడిచింది. ఇక తిన్న కంచం కడిగి, నాలుగు కుండలు తోమితే పూట పని లెక్క, గడియ నాది, ప్రసంగం తయారుగానే ఉంది. కంచం పట్టుకుని లేచాను. తవిటమ్మ దాన్ని లాగేసుకుంది.

"నువ్వు సుట్టానివి. సుట్టానికి పని సెప్పకూడదని మీ గోడ మీదే ఉందంట గదేటి?"

కామేశం ముఖం వెలిగిపోయింది. "బాగా చెప్పేరమ్మా!" అన్నాడు.

నా గోతిలో నేనే పడ్డాను. ఎంత బతిమాలినా ఒక్క గరిటె ముట్టుకోనివ్వలేదు. తిరుగుపడవలో నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎదురుగా కామేశం పొట్ట నిమురుకుంటూ కూర్చున్నాడు.

"పాపం, పూటంతా ఎంత పని చేసేరండీ మనకోసం!" అన్నాడు.

నేను తల ఎత్తాను. "ఏమన్నారు?"

"పూటంతా పని చేసేరు కదండీ వాళ్ళు."

నమోదు 66
పని: నోరు మూసుకోవడం. ఇంత కష్టమైన పని ఇంతకు ముందు చెయ్యలేదు

పౌర్ణమి సభ. సముద్రం అద్దంలా ఉంది. చూసేవాళ్ళ బల్లలు కిక్కిరిసిపోయాయి. నా పక్కన తవిటమ్మ. ఆమెను సభలోకి తీసుకొచ్చేసరికే సగం మంది లేచి నిలబడ్డారు.

నిబంధనల సందేహానికి గడియ అక్కర్లేదు కాబట్టి, నేను లేచి ఒకే మాట చెప్పాను. వెనకతెప్పలో ఒక పూట పని జరిగింది, ఆ గడియ దక్కాల్సింది పని చేసినవాళ్ళకు, అంటే తవిటమ్మ గారికి అని. నిబంధనలో పనిచేసినవారికి మాట అని ఉంది గానీ, పనిచేసిన సభ్యులకు అని ఎక్కడా లేదు. సభాపతి గారు పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి, లేదనే ఒప్పుకున్నారు. కామేశాన్ని పిలిచి పని జరిగిందా అని అడిగారు. చోడిముద్ద ఎంత మెత్తగా ఉందో, పులుసులో పులుపు ఎంత కుదిరిందో అతను పూసగుచ్చినట్టు చెబుతుంటే ఆయన గుటకలు మింగారు.

నరసరాజు గారు లేచారు. "అధ్యక్షా, వంట కూడా ఒక పనేనాండీ?"

ఆయన జీవితంలో ఇంత పొరపాటు మాట ఎప్పుడూ మాట్లాడి ఉండరు. చూసేవాళ్ళ బల్లల మీద వంటతెప్పవాళ్ళు ముందు లేచారు, వెనకాలే ఊళ్ళో ఆడవాళ్ళందరూ లేచారు. వాళ్ళలో అందరికంటే ముందు లేచినావిడ నరసరాజు గారి భార్యే.

"పని కాదాండీ? అయితే రాత్రికి మీరే చేసుకోండి, ఆటలాగ ఉంటాది!" అందావిడ.

గోల సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. సభాపతి గారు తన ఇంటి సంగతి కూడా తలుచుకున్నట్టున్నారు, వంట పనేనని గబగబా తీర్పు చెప్పేశారు. గిన్నె నీళ్ళలో వదిలారు.

నా ప్రసంగం గొంతు దాకా వచ్చి కూర్చుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ కుదిరిన ప్రసంగం. దాన్ని మింగేసి కూర్చున్నాను. కడుపులో మంటగానే ఉంది, ఎందుకు దాచాలి?

తవిటమ్మ చీర కొంగు దోపుకుని, సంతలో నిలబడ్డట్టే నిలబడింది.

"మీరు మంచోళ్ళు బాబూ. కాదంటే కళ్ళు పోతాయి. ఏడాది బట్టి మూడు పూటలా పెడతన్నారు. మా సేత ఇస్తరి ఎత్తనివ్వరు, సెంబు ముట్టనివ్వరు. నీళ్ళు మీరే పోత్తారు, బట్టలు మీరే ఉతుకుతారు. ఎటెల్లాలన్నా మీరే మోసుకెల్తారు. మా ఊళ్ళో ఇలాటి మరేద ఒకడికే సేత్తాం. సచ్చినోడికి."

ఆమె వరసగా అందరి మొహాలూ చూసింది.

"మేం బతికే ఉన్నాం. నమ్మకం లేకపోతే రేపు మజ్జానం మా తెప్పకి బోయినానికి రండి. అందరూ రండి. వండుతాం, పెడతాం. తిన్నాక తాడు కోసుకుంటారో ఉంచుకుంటారో మీ ఇష్టం." కూర్చోబోయి మళ్ళీ ఆగింది. "నా మాట అయిపోనాది. ఆ గిన్నె ఇంకా మునగదేటి?"

మునగలేదు. సగం కూడా మునగలేదు. నీళ్ళు కదలడం లేదు. గిన్నె మునిగేదాకా సభ ఆమెదే కాబట్టి ఇంకెవరూ నోరెత్తడానికి లేదు. అంతమందిమీ ఆ చిన్న రాగిగిన్నె వంక చూస్తూ కూర్చున్నాం. ఆమె అన్న మాటలు తప్ప వినడానికి ఇంకేమీ లేదు. నరసరాజు గారు మీసం దువ్వుకోలేదు. వంటతెప్పవాళ్ళలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. గిన్నె మునిగాక సభాపతి గారు ఓటింగును మర్నాటికి వాయిదా వేశారు. ఇన్నేళ్ళలో నేను చేసిన ప్రసంగాలన్నీ కలిపినా ఆ మౌనమంత పని చెయ్యలేదు. నాకు అసూయగా ఉంది, అంతకంటే ఎక్కువ ఆనందంగా ఉంది.

నమోదు 67
పని:

అన్నానికి పిలిస్తే రాననడం తెప్పలలంకలో ఎవరికీ చేతకాదు. రెండు పక్షాలవాళ్ళూ, పెళ్ళాంపిల్లలతో సహా, పడవలు కట్టుకుని వచ్చేశారు. చక్రధరం బడికి సెలవిచ్చి పిల్లలందర్నీ తోలుకొచ్చాడు. వెనకతెప్ప మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బంతులు వేశారు. లంగరు, తెరచాప అని చూడకుండా ఎవరు ముందొస్తే వాళ్ళను తవిటమ్మ వరసగా కూర్చోబెట్టింది. నాకూ నరసరాజు గారికీ పక్కపక్కన చోటు దొరికింది.

చోళ్ళ మూటలు ఇంక ఒక్కటి తప్ప అన్నీ విప్పేశారు. ముద్దలు వేడివేడిగా వస్తున్నాయి, వెనకాలే పులుసు. కొండవారవాళ్ళు వరసల మధ్య పరుగులు పెడుతున్నారు, ఒకర్నొకరు కేకలేసుకుంటున్నారు, ఉప్పు తక్కువైందని ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. పోలయ్య తన గరిటెలు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకుంటూ తిరుగుతున్నాడు. కామేశం కూర్చోలేక, లేవలేక, చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని నలుపుకుంటున్నాడు. అతని ఆకులోనూ ముద్ద పడేసరికి కుదుటపడ్డాడు.

భోజనాలు మాంచి జోరు మీద ఉండగా సభాపతి గారు గొంతు సవరించుకున్నారు.

"సభ్యులందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి సభ ఇక్కడే. వెనకతెప్ప తాడు కొయ్యాలన్నవాళ్ళు కుడిచెయ్యి ఎత్తండి."

మా సభలో ఓటంటే కుడిచెయ్యే. ఎడమచెయ్యి ఎత్తితే చెల్లదు. కుడిచేతులన్నీ ముద్దల్లో, పులుసులో ఉన్నాయి. వాళ్ళింట్లో, వాళ్ళు పెట్టిన అన్నం వేళ్ళకు అంటుకుని ఉండగా, వాళ్ళను సముద్రం మీదికి వదిలెయ్యమని ఆ చెయ్యే ఎత్తాలి. నేను పక్కకు చూశాను. నరసరాజు గారు తన చేతి వంక చూసుకుంటున్నారు. చెయ్యి కడుక్కుందామనుకున్నారో ఏమో, చెంబు కోసం ఇటూ అటూ వెతికారు. సరిగ్గా అప్పుడే తవిటమ్మ ముద్దల పళ్ళెంతో ఆయన ముందు ఆగింది.

"సాల్లేదేటి బాబూ?"

ఆయన ఆమె ముఖంలోకి చూశారు.

"చాల్లేదమ్మా, ఇంకోటి వెయ్యండి, ఆయ్" అన్నారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. తీర్మానం వీగిపోయిందని సభాపతి గారు ప్రకటించారు. సభకు భోజనం పెట్టినవాళ్ళు అతిథులు కారు, ఇంటివాళ్ళు, కాబట్టి వాళ్ళ పేర్లు అతిథుల పట్టీలోంచి కొట్టేసి లంక పట్టీలో రాయమన్నారు. వెంటనే, పులుసు ఇటు రాలేదని ఫిర్యాదు చేశారు.

అరుపులు, ఈలలు, ఎడమచేత్తో తొడల మీద చప్పట్లు. పిల్లలు తెప్ప ఊగేలా గెంతారు. పోలయ్య గరిటె పట్టుకునే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ కళ్ళు కనిపించడం లేదు. వెనకవరసలో ఇంకా సగం మందికి పులుసు అందలేదు, వడ్డించేవాళ్ళ మొహాల మీద చెమటలు కారుతున్నాయి. ఉండబట్టలేకపోయాను. గబుక్కున లేచి పులుసు బిందె పట్టుకోబోయాను.

వెనక నుంచి రెండు చేతులు నా భుజాలు పట్టుకుని ఉన్నచోటే కూలేశాయి.

"కూకో" అంది తవిటమ్మ. "ఈ పూట పని మాది."